నల్లరేగడిలో కిడ్నీ ఆకారపు పూల్: గునైట్ ఎందుకు వేశాం, ఎక్కడ తడబడ్డాం

శంకర్‌పల్లి దాటి చేవెళ్ల వైపు వెళ్లే దారిలో ఒక మామిడితోట. నాలుగెకరాలు, మధ్యలో ఇల్లు. యజమాని ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దాయన. కొడుకు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాడు. వేసవిలో మనవలు వచ్చినప్పుడు ఈదడానికి ఒక పూల్ కట్టించాలన్నది ఇంట్లో అందరి కోరిక. మొదటి మీటింగ్ వీడియో కాల్‌లోనే అయిపోయింది. కొడుకు ఫోను తిప్పి వాళ్ల పెరట్లో పూల్ చూపించాడు. వంపులు తిరిగిన కిడ్నీ ఆకారం, ఒక మూల మెట్లు, నీళ్లలోనే కూర్చునేలా ఒక బెంచీ. "ఇది గునైట్ అంకుల్. అక్కడా ఇదే వేయించండి" అన్నాడు.

నేను సంపులు, వాటర్ ట్యాంకులు, పూల్స్ కట్టించే సివిల్ ఇంజనీర్‌ని. గునైటింగ్, అంటే గన్‌తో కాంక్రీటు కొట్టి వేయడం, నాకు కొత్తేమీ కాదు గానీ, చేసినవాటిలో ఎక్కువ భాగం పాత ట్యాంకుల రిపేర్లే. పూల్ మొత్తాన్ని గన్‌తో వేయడం అప్పటికి మూడోసారి. గునైట్ గురించి అందరూ చెప్పే లాభాల్లో పెద్దది ఈ సైట్‌లో చెల్లలేదు. అయినా గునైటే వేశాం. ఆ లెక్క ఎలా తేలిందో ఇలాంటి నేల మీద పూల్ కట్టబోయేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా పేర్ల సంగతి. కాంక్రీటును గొట్టంలోంచి గాలి ఒత్తిడితో కొట్టి, గోడకు అతుక్కునేలా వేయడాన్ని షాట్‌క్రీట్ అంటారు. ఇందులో రెండు పద్ధతులు. సిమెంటు, ఇసుక పొడిగా కలిపి గాలితో పంపి, గొట్టం చివర నాజిల్ దగ్గర నీళ్లు కలిపేది డ్రై మిక్స్. కాంక్రీటును ముందే నీళ్లతో కలిపి పంపు చేసి, నాజిల్ దగ్గర గాలి మాత్రం ఇచ్చేది వెట్ మిక్స్. గునైట్ అంటే అసలు డ్రై మిక్సే. మన సైట్లలో మాత్రం రెండింటినీ గునైటింగ్ అనేస్తారు. ఈ యంత్రం మూలపురుషుడు ఇంజనీరు కూడా కాదు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో చనిపోయిన జంతువుల చర్మాలతో బొమ్మలు నిలబెట్టే కార్ల్ ఎక్‌లీ. మ్యూజియం భవనం గోడలు పెచ్చులూడుతుంటే, వాటి మీద ప్లాస్టర్ కొట్టడానికి 1907 ప్రాంతంలో ఈ గన్ తయారుచేశాడు. 1911లో పేటెంట్ వచ్చింది. ఏనుగుల బొమ్మలు చేసిన చేతుల్లోంచి వచ్చింది కాబట్టేనేమో, వంపు తిరిగిన ఆకారమంటే దీనికి అంత సులువు.

మట్టి ఏం చెప్పింది

ఆకారం, టైల్స్ రంగు మాట్లాడుకునే ముందు రెండు చోట్ల గుంటలు తీయించాను. పైన 1.6 మీటర్ల దాకా నల్లరేగడి, దాని కింద గట్టి మొరం. చేవెళ్ల, వికారాబాద్ వైపు ఇది మామూలే. హైదరాబాద్ లోపల రాయి అడ్డుపడుతుందని భయం, ఇక్కడ మట్టి కదులుతుందని భయం.

నల్లరేగడి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష చాలా సులువు. జల్లెడ పట్టి ఆరబెట్టిన మట్టిని పది గ్రాముల చొప్పున రెండు కొలత గాజుగొట్టాల్లో వేస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో నీళ్లు పోసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌కు మట్టి ఉబ్బదు, నీళ్లకు ఉబ్బుతుంది. మా మట్టి కిరోసిన్‌లో 11 మిల్లీలీటర్ల దగ్గర, నీళ్లలో 19 దగ్గర నిలబడింది. అంటే దాదాపు 73 శాతం ఉబ్బు. యాభై దాటిందంటేనే నేను పునాది డ్రాయింగ్ మళ్లీ తీస్తాను.

ఈ సంగతి చెబితే కొడుకు ఒక ప్రశ్న వేశాడు: "మా దగ్గరా ఇలాంటి మట్టే కదా అంకుల్, అక్కడ గునైట్ బాగానే ఉందిగా?" నిజమే. డల్లాస్ చుట్టుపక్కల బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే మేర అంతా ఉబ్బే బంకమట్టి. మన రేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే పొంగి, ఎండితే బీటలు తీస్తుంది. కానీ అక్కడ పూల్ షెల్ (కాంక్రీటు తొట్టి) కింద పియర్లు, అంటే లోతైన కాంక్రీటు స్తంభాలు, దింపడమో, మట్టిని ముందే తడిపి సిద్ధం చేయడమో చేస్తారు. ఆ ఖర్చు ఇల్లు కొన్నవాడి కంటికి కనపడదు. కొడుకు చూసింది పైనున్న నీళ్లు, నేను చూడాల్సింది కిందున్న మట్టి.

నాలుగు దారులు

వినైల్ లైనర్ మాట మొదట్లోనే పోయింది. గోడల లోపల ప్లాస్టిక్ షీట్ పరిచే పద్ధతి అది. కొన్నేళ్లకు షీట్ మార్చాలి, ఒక్కోసారి పంది ముట్టె తగిలినా చిరుగుతుంది. ఊరవతల తోటలో దానికి సర్వీసు చేసేవాడిని వెతకడం నా వల్ల కాదు.

ఫైబర్‌గ్లాస్ మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఫ్యాక్టరీలో మొత్తం ఒకే తొట్టిగా పోసి, ట్రెయిలర్ మీద తెచ్చి, క్రేన్‌తో గుంటలో దింపుతారు. కాస్త వంగే గుణం ఉంటుంది కాబట్టి కదిలే మట్టిలో కాంక్రీటు కంటే ఓర్పు ఎక్కువ. యజమాని దీర్ఘచతురస్రానికి ఒప్పుకుని ఉంటే, రోడ్డు సహకరించి ఉంటే, నేను దాన్నే సిఫార్సు చేసేవాడిని. కానీ ఊళ్లోంచి తోటకు తిరిగే మలుపు దగ్గర మూల మీద ఇల్లు, పైన కరెంటు తీగలు. టేపు పట్టుకుని కొలిచాం. నాలుగు మీటర్ల పైన వెడల్పున్న తొట్టి ఆ మలుపు తిరగదు. ఒక మలుపు దెబ్బకు ఒక మెటీరియల్ పోయింది. ఇలాంటివి ఏ బ్రోచర్‌లోనూ ఉండవు.

మూడోది మామూలు ఆర్‌సీసీ. సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు పోసి, వైబ్రేటర్ పెట్టడం. మన మేస్త్రీలకు కొట్టిన పిండి. సూటి గోడల పూల్ అయితే ఇప్పటికీ నా మొదటి ఓటు దీనికే. కిడ్నీ ఆకారం దగ్గర ఇది ఇరుక్కుంటుంది. వంపు గోడకు రెండువైపులా వంపు షట్టరింగ్ కావాలి. ప్లైవుడ్ వంచి, కోసి, ఆ ఒక్క పూల్ అయ్యాక పారేయాలి. రెండు పలకలను బిగించి పట్టే బోల్టుల రంధ్రాలు ఒక్కొక్కటీ రేపటి లీకేజీకి దారి. పైగా అడుగు ఒకరోజు, గోడ ఇంకో రోజు పోస్తారు కాబట్టి చుట్టూ 27 మీటర్ల జాయింటు మిగులుతుంది. అందులో వాటర్ బార్ (జాయింటులోంచి నీళ్లు రాకుండా పెట్టే పట్టీ) సరిగ్గా నిలబెట్టే ఓపిక సైట్‌లో ఎంతమందికి ఉందో నేను చూశాను.

ఇక గునైట్. గోడ, అడుగు ఒకే దెబ్బలో కలిసిపోతాయి. లోపలి వైపు షట్టరింగ్ ఉండదు. బయటి వైపు తవ్విన మట్టే అచ్చు. గుంటను కిడ్నీలా తవ్వి, రాడ్డు కట్టి, కొట్టేయడమే. గునైట్‌కు అందరూ చెప్పే పెద్ద లాభం ఇదే.

నల్లరేగడిలో చెల్లనిదీ ఇదే. ఉబ్బే మట్టిని అచ్చుగా వాడి, దానికే కాంక్రీటు అతికిస్తే, వర్షాకాలంలో గోడను ఎవరు నెడతారో వేరే చెప్పక్కర్లేదు. అందుకే చుట్టూ 900 మిల్లీమీటర్లు ఎక్కువ తవ్వి, ఆ రేగడిని తీసేసి, సాలిడ్ బ్లాకులతో ఆరంగుళాల వెనుక గోడ కట్టి, దాని వెనక మొరం నింపాలని తేలింది. బయటి షట్టరింగ్ ఖర్చు తప్పించుకున్నామనుకుంటే బ్లాకు గోడ రూపంలో తిరిగొచ్చింది. ఆ లెక్క పెద్దాయన ముందు పెట్టాను. ఈ సైట్‌లో గునైట్ చవక కాదని, మామూలు ఆర్‌సీసీ కంటే కొంచెం ఎక్కువే అవుతుందని, ఆకారం కోసం, జాయింట్లు తగ్గడం కోసం మాత్రమే ఆ తేడా పెడుతున్నామని చెప్పాను. ఆయన కాసేపు లెక్క చూసి, "ఆకారం మార్చుకుంటే డబ్బులు మిగుల్తాయంటావు, అంతేనా?" అన్నారు. అంతేనన్నాను. "మనవడు ఇప్పటికే బొమ్మ గీసి పంపాడయ్యా" అన్నారు. అలా తేలింది.

తవ్వకం, నడుము దగ్గర పొట్ట

పూల్ పొడవు 11 మీటర్లు. నీటి వైశాల్యం సుమారు 44 చదరపు మీటర్లు. లోతు ఒకవైపు 1.05, ఇంకోవైపు 1.5 మీటర్లు. నిండితే దాదాపు 56 వేల లీటర్లు.

లోతు వైపు అడుగు ఎలాగూ మొరంలోకి దిగుతుంది. లోతు తక్కువ వైపు మాత్రం అడుగు కింద ఇంకా పావు మీటరు రేగడి మిగిలిపోతోంది. ఒక కాలు బండ మీద, ఒక కాలు పరుపు మీద పెట్టి నిలబడితే ఎలా ఉంటుందో షెల్‌కు కూడా అలాగే ఉంటుంది. అందుకని ఆ వైపు కూడా మొరం తగిలేదాకా తవ్వి, బయటి నుంచి తెచ్చిన మొరం 150 మిల్లీమీటర్ల పొరలుగా నీళ్లు చల్లి దిమ్మిస కొట్టించాం. జేసీబీ డ్రైవర్‌కు ఇది పిచ్చి పనిలా అనిపించింది. "తీసిందే మళ్లా నింపుడు ఎందుకు సార్?" అని రెండుసార్లు అడిగాడు.

వెనుక గోడను రెండడుగులు కట్టి, తడి ఆరాక రెండడుగులు మొరం నింపి, మళ్లీ రెండడుగులు. అడుగున గోడ వెంట చిల్లుల పైపు, చుట్టూ నలభై కంకర, దాని మీద మట్టిని ఆపి నీళ్లను వదిలే జియోటెక్స్‌టైల్ గుడ్డ. ఆ పైపు ఒక మూలనున్న చిన్న సంపులోకి. ఈ సంపు సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

కిడ్నీ ఆకారానికి బయటికి పొంగిన వంపులు రెండు, లోపలికి నొక్కినట్టుండే నడుము ఒకటి. బయటికి పొంగిన వంపును వెనక మట్టి నెడితే అది కమానులా బిగుసుకుని నిలబడుతుంది. నడుము దగ్గర అంతా తలకిందులు. మట్టి తోసినప్పుడు బ్లాకులు ఒకదాన్నుంచి ఒకటి విడిపోవాలని చూస్తాయి. డ్రాయింగ్‌లో ఇది నాకు కనిపించింది కానీ బుర్రకెక్కలేదు. మూడో విడత మొరం నింపి దిమ్మిస కొడుతుంటే నడుము గోడ లోపలికి అంగుళం పొట్ట పెట్టింది. అది షెల్‌లో భాగం కాదు, అచ్చు మాత్రమే, అయినా అలాగే వదిలేస్తే అక్కడ కాంక్రీటు మందం అంగుళం తగ్గిపోతుంది. ఆ ఆరు మీటర్ల ముక్క విప్పి, లోపలి నుంచి సర్వీ బాదులతో పోట్లు పెట్టి మళ్లీ కట్టాం. నాలుగు రోజులు పోయాయి. తర్వాతి పూల్‌లో నడుము దగ్గర మొదట్నుంచే పోట్లు పెట్టించాను.

రాడ్డు దగ్గర గొడవ

గోడ, అడుగు రెండూ 200 మిల్లీమీటర్ల మందం. రెండు వరసల జాలీ, 10 మిల్లీమీటర్ల రాడ్డు, 150 మిల్లీమీటర్ల దూరం. ఇది ఈ మట్టికి, ఈ లోతుకు మా డిజైనర్ ఇచ్చింది. వేరే చోట ఇదే వేయమని నా సలహా కాదు.

గన్ కాంక్రీటుకు రాడ్డు కట్టడం మామూలు స్లాబుకు కట్టినట్టు ఉండదు. స్లాబులో కాంక్రీటు రాడ్డు చుట్టూ పారుతుంది, వైబ్రేటర్ దాన్ని లోపలికి దింపుతుంది. గన్‌లో కాంక్రీటు ఎదురుగా ఎగిరి వచ్చి గుద్దుకుంటుంది. ముందు రాడ్డు అడ్డముంటే దాని వెనక నీడ పడుతుంది. ఆ నీడలో సిమెంటు చేరదు, వదులు ఇసుక మిగులుతుంది. రెండు రాడ్లు ఆనించి కట్టిన అతుకు దగ్గర ఈ నీడ రెండింతలు. అందుకే అతుకు దగ్గర రాడ్లను ఆనించకుండా, మధ్యలో రెండంగుళాలు వదిలి కట్టమన్నాను. రాడ్‌బెండర్ మేస్త్రీకి అది అస్సలు నచ్చలేదు.

"గట్ల ఇడిసి కడితే బలం ఎట్లొస్తది సార్? రాడ్డుకు రాడ్డు ఆనాలె గదా" అన్నాడు.

బలం రాడ్డు నుంచి రాడ్డుకు బైండింగ్ వైరు ద్వారా పోదని, చుట్టూ ఉన్న కాంక్రీటు ద్వారానే పోతుందని చెప్పాను. ఒప్పుకున్నట్టు తల ఊపి, మధ్యాహ్నం భోజనానికి వెళ్లొచ్చేసరికి ఒక వరస మొత్తం ఆనించి కట్టేశాడు. విప్పించాను. ఆ సాయంత్రం దాకా మా ఇద్దరికీ మాటల్లేవు. మాటలతో పని కాదని అర్థమై, మర్నాడు టెస్ట్ ప్యానెల్ (గన్ పని ముందే కొట్టి చూసే నమూనా ముక్క) కోసం తెచ్చిన ఒక చెక్క ట్రేలో సగం రాడ్లు ఆయన పద్ధతిలో, సగం నా పద్ధతిలో కట్టించాను.

నాజిల్ ఎవరి చేతిలో

డ్రై మిక్సా, వెట్ మిక్సా అన్నది దారే తేల్చింది. రెడీమిక్స్ లారీ లోడుతో పాతిక టన్నులు తూగుతుంది. తోటలోకి వచ్చే చివరి అరకిలోమీటరు రేగడి బాట. ఒక్క వాన పడితే లారీ అక్కడే, కాంక్రీటు డ్రమ్ములోనే. డ్రై మిక్స్‌కు ఇసుక, బేబీ చిప్స్ (సన్న కంకర), సిమెంటు ముందే తెచ్చి కుప్ప పోసుకోవచ్చు. ఆపాలంటే ఆపొచ్చు, మొదలెట్టాలంటే మొదలెట్టొచ్చు. కాకపోతే దుమ్ము ఎక్కువ, వృథా ఎక్కువ. నీళ్లు ఎన్ని కలవాలో నాజిల్ పట్టుకున్నవాడి మణికట్టులో ఉంటుంది. లారీ వచ్చే దారి ఉంటే నేను వెట్ మిక్సే కోరుకునేవాడిని.

మేం పిలిచింది కాలువ లైనింగ్, సొరంగం పనులు చేసే గ్యాంగ్‌ని. గ్యాంగ్ పెద్ద తానే నాజిల్ పడతానన్నాడు. చాలా అనుభవం, చాలా మాటలు. అతని పక్కనే గాలి పైపు పట్టుకునే ఒక కుర్రాడున్నాడు, పెద్దగా మాట్లాడడు. ఇద్దరితోనూ తలో రెండు ప్యానెళ్లు కొట్టించాను. రెండడుగుల చదరపు ట్రేలను గోడలా నిలబెట్టి, లోపల అసలు పనిలో ఉండే రాడ్లే కట్టి. వారం తర్వాత కట్టర్‌తో కోశాం.

పెద్దవాడి ప్యానెల్‌లో ప్రతి రాడ్డు వెనకా వేలుదూరే సందు. నాజిల్‌ను రెండు మీటర్ల దూరంలో పట్టుకుని కొట్టాడు. కాలువ గట్టు మీద రాడ్డు పెద్దగా లేని చోట అది చెల్లిపోతుంది. కుర్రాడు మీటరు దూరంలో, గోడకు సూటిగా పట్టుకుని, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు కొట్టాడు. రాడ్డు వెనక నింపడానికి కాస్త పక్కకు వంచి రెండువైపుల నుంచీ అందించాడు. అతని ముక్కలో విడిచి కట్టిన రాడ్ల చుట్టూ కాంక్రీటు గట్టిగా పట్టుకుంది. ఆనించి కట్టిన అతుకు వెనక మాత్రం అతనికీ సన్నటి గీతలా ఖాళీ మిగిలింది. రాడ్‌బెండర్ మేస్త్రీ ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూసి, ఏమీ అనకుండా వెళ్లి మిగిలిన అతుకులన్నీ తనే విడదీశాడు.

నాజిల్ కుర్రాడికి ఇవ్వమన్నాను. గ్యాంగ్ పెద్దకు మొహం చిన్నబోయింది. మిషన్ దగ్గర మిక్సింగ్ మొత్తం నువ్వే చూడాలి, అది తప్పితే నాజిల్ ఏం చేసినా లాభం లేదని చెప్పాను. అది బుజ్జగింపు మాటే గానీ అబద్ధం కాదు. ఇసుకలో తేమ మూడు నుంచి ఆరు శాతం మధ్య ఉండాలి. మరీ పొడైతే దుమ్ములా ఎగిరి సిమెంటు విడిపోతుంది, మరీ తడైతే గొట్టం పూడుకుపోతుంది. కలిపిన మాలు ముప్పావు గంటలో వాడేయాలన్నది మా నియమం. అది దాటితే తోట బాటలో గుంతలకే.

మూడు రోజుల గన్

షెల్ మొత్తం పద్దెనిమిదిన్నర ఘనపు మీటర్లు. ఒక్క మిషన్‌తో ఒక్క రోజులో అవదు. ముందు గోడలన్నీ, తర్వాత అడుగు అని విడగొడితే మళ్లీ ఆర్‌సీసీ జాయింటే వస్తుంది. అందుకే లోతు వైపు నుంచి మొదలుపెట్టి, ఏ రోజు ముక్కకు ఆ రోజు గోడ, అడుగు కలిపి కొడుతూ లోతు తక్కువ వైపు జరిగాం. రోజు ఆఖరున అంచును నిలువుగా కోయకుండా ఏటవాలుగా వదిలి, మర్నాడు వైరు బ్రష్‌తో గీకి, గాలి కొట్టి, తడిపి, దాని మీదకు కొత్తది.

పొద్దున ఆరింటికే మొదలు. ఫిబ్రవరి ఆఖరు, తోటలో పదకొండు దాటితే గాలి లేస్తుంది. నాజిల్ నుంచి వచ్చే నీటి తుంపరను గాలి పక్కకు లాగేస్తుంది, గోడకు పొడి ఇసుక తగులుతుంది. చుట్టూ గ్రీన్ నెట్ కట్టించాం. కంప్రెసర్ చప్పుడుకు పక్క పొలంలో గేదెలు మొదటి రోజు పాలివ్వలేదని ఫిర్యాదు వచ్చింది. పెద్దాయన వెళ్లి సర్దిచెప్పారు.

గోడకు కొట్టిన దాంట్లో కొంత ఎగిరి కింద పడుతుంది. రీబౌండ్ అంటారు. డ్రై మిక్స్‌లో నిలువు గోడకు అది పదిహేను నుంచి ముప్పై శాతం దాకా పోతుందని పుస్తకాల లెక్క. మాకు ఐదో వంతు పోయింది. ఇందులో సిమెంటు చాలా తక్కువ, ఇసుక, చిప్సే ఎక్కువ. చూడ్డానికి మాత్రం మంచి కాంక్రీటు మాలులాగే ఉంటుంది. దాన్ని వెంటవెంటనే ఎత్తి బయట పోయాలి, ఎక్కడా తిరిగి వాడకూడదు. ఇద్దరు మనుషుల్ని ఆ పనికే పెట్టాను.

రెండో రోజు సాయంత్రం అసలు టెన్షన్ పడ్డాను. నేను సిమెంటు బస్తాల లెక్క చూడ్డానికి గంటసేపు పైకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర సగం ఆకారం వచ్చేసి ఉంది. గన్ ఇంకా అటు వెళ్లనేలేదు. పారలతో ఎత్తిన రీబౌండ్‌ని మెట్ల కింద పోసి, తాపీతో నున్నగా చేసేస్తున్నారు. గన్ మాలు మిగుల్తుంది, వాళ్లకు మోత తప్పుతుంది. చాలా పూల్స్‌లో మెట్లు, బెంచీలు ముందుగా పగిలేది ఎందుకో వేరే వెతకనక్కర్లేదు. అప్పటికప్పుడు తీయించేశాను. ఇంకా గట్టిపడలేదు కాబట్టి పారలతోనే వచ్చింది. ఒక్కరోజు ఆలస్యంగా చూసి ఉంటే పైన టైల్స్ వేసేదాకా ఎవరికీ తెలిసేది కాదు. ఆ తర్వాత భోజనం కూడా గుంట గట్టు మీదే తిన్నాను.

క్యూరింగ్‌కు గోనెపట్టాలు తెచ్చాం గానీ నిలువు గోడ మీద అవి నిలవవు, జారిపోతాయి. పెద్దాయనే ఉపాయం చెప్పారు. మామిడిచెట్లకు వాడే డ్రిప్ పైపు పాతది చుట్టలు ఉన్నాయి. దాన్ని గోడ పై అంచు వెంట పరిచి, పట్టాల వెనక నుంచి చుక్కచుక్కగా జారేలా పెట్టాం. పద్నాలుగు రోజులు పగలూ రాత్రీ గోడ తడారలేదు. గన్ కాంక్రీటులో సిమెంటు పాలు ఎక్కువ, రీబౌండ్‌లో ఇసుక పోవడం వల్ల ఇంకా పెరుగుతుంది. కాబట్టి ఆరితే బీటలు తీయడంలో మామూలు కాంక్రీటు కంటే ముందుంటుంది. క్యూరింగ్ మీద పెట్టిన శ్రద్ధ వృథా పోలేదు. వెంట్రుకవాసి బీటలు రెండే కనిపించాయి, రెండూ బెంచీ అంచున.

28 రోజుల తర్వాత కోర్లు, అంటే షెల్‌లోంచి తొలిచిన గుండ్రటి కాంక్రీటు ముక్కలు, తీశాం. మూడు ముక్కలు 33, 36, 31 మెగాపాస్కల్స్ ఇచ్చాయి. ఎం30 (30 మెగాపాస్కల్స్ బలం) డిజైన్‌కు కోర్ల సగటు అందులో 85 శాతం వచ్చి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే చాలు, కాబట్టి నిశ్చింత. సుత్తితో షెల్ అంతా తట్టించాను. లైటు పెట్టే గూడు పక్కన ఒకచోట డొల్ల చప్పుడు వచ్చింది. అరచేయంత మేర, రాడ్డు వెనక ఇసుక. చెక్కి, మళ్లీ నింపాం. కుర్రాడిని తప్పుపట్టలేను, ఆ గూడు చుట్టూ అదనపు రాడ్లు దట్టంగా కట్టించింది నేనే.

నీళ్లు పోశాక

గునైట్ అంటే వాటర్‌ప్రూఫ్ అని చాలామంది నమ్మకం. కాదు. బాగా కొట్టిన గునైట్ దట్టంగా ఉంటుంది, అంతవరకే. పైపులు గోడలోంచి దూరే ప్రతి చోటూ ఒక అనుమానమే. అందుకే కోటింగ్, టైల్స్ ఏవీ వేయకముందే నీళ్లు నింపి చూశాం. మెట్ల మీద అదే నీళ్లతో ఒక బకెట్ పెట్టాం. బకెట్‌లో తగ్గింది ఎండకు పోయింది, పూల్‌లో అంతకంటే ఎక్కువ తగ్గితే లీకేజీ.

ఏప్రిల్ ఎండ. బకెట్‌లో రోజుకు 7 మిల్లీమీటర్లు, పూల్‌లో 11. పెద్దాయన మొహం వాడిపోయింది. "ఇంత చేసి కారుతోందా?" అన్నారు. నేను మాత్రం నీళ్లు నింపడం ఆపేసి వదిలేశాను. మట్టం దిగి దిగి సరిగ్గా లైటు గూడు కింది అంచు దగ్గర ఆగింది. అక్కడి నుంచి బకెట్‌తో సమానంగా నడిచింది. అంటే షెల్ కారడం లేదు, లైటు వైరు వచ్చే పైపు చుట్టూ కారుతోంది. మిగతా పైపులన్నిటికీ పడిల్ ఫ్లాంజ్ (పైపు చుట్టూ నీళ్లు పాకకుండా ఆపే పళ్లెం) పెట్టించి, కరెంటు పైపే కదా అని దానికి వదిలేశాను. చెక్కి, ఎపాక్సీ పెట్టి, మళ్లీ వారం చూశాం. రెండూ ఒకే లెక్క. ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్, ప్లాస్టర్, గ్లాస్ మొజాయిక్.

రెండు వానాకాలాల తర్వాత

ఆటో లెవెల్‌తో ప్రతి వానాకాలం ముందు, తర్వాత నాలుగు మూలల మట్టం తీసుకున్నాను. షెల్ చెప్పుకోదగ్గట్టు కదల్లేదు. కదిలింది చుట్టూ పరిచిన రాయి. రేగడి తీసింది గోడ వెంట 900 మిల్లీమీటర్లే, పేవింగ్ మాత్రం రెండు మీటర్లు పరిచాం. మొదటి వానాకాలానికే బయటి అంచు 15 మిల్లీమీటర్లు లేచి, కోపింగ్ రాయి (పూల్ గట్టు అంచు రాయి) దగ్గర గీత పడింది. ఎస్టిమేట్ తగ్గించడానికి పేవింగ్ కింద మట్టి మార్చడం నేనే కొట్టేశాను. ఆ ముక్క నా ఖర్చుతో విప్పి, కింద మొరం వేసి, పూల్‌కూ పేవింగ్‌కూ మధ్య సీలెంట్ జాయింటు వదిలి మళ్లీ వేశాం.

ఇంకొక లెక్క మొదటి రోజే రాసి పంపు గది తలుపు లోపల అతికించాను. షెల్ బరువు దాదాపు 44 టన్నులు, అడుగు వైశాల్యం 50 చదరపు మీటర్లు. ఖాళీ పూల్ చుట్టూ భూమిలో నీళ్లు సగటు అడుగు మట్టం నుంచి 88 సెంటీమీటర్లు దాటితే, ఆ కాంక్రీటు తొట్టి పడవలా తేలుతుంది. మెయిన్ డ్రెయిన్‌లో ఒత్తిడి వదిలే వాల్వ్ ఉంది. అది బురద పట్టి బిగుసుకుపోవడం నేను చూశాను కాబట్టి, ఆ చిల్లుల పైపు, సంపు, పంపు.

రెండో ఏడు ఆగస్టులో పెద్దాయన ఫోన్ చేశారు. పూల్ నీళ్లు పచ్చబడ్డాయట, మొత్తం తోడేసి కడిగిస్తానన్నారు, మనుషులు కూడా వచ్చేశారట. ఒక్క నిమిషం ఆగి సంపులో కర్ర ముంచి చూడమన్నాను. రెండు రోజులుగా ముసురు, కరెంటు లేదు, పంపు తిరగలేదు. కర్ర మీద నేను గీసిచ్చిన ఎర్ర గీత మునిగి, పైన ఇంకో జానెడు తడి ఉంది. ఆ మనుషులకు కూలి ఇచ్చి పంపేయమన్నాను. క్లోరిన్ వేసి, ఫిల్టర్ తిప్పి ఆ నీళ్లనే బాగుచేసుకున్నారు. తోడి కడిగింది జనవరిలో, సంపు అడుగు ఎండాక.